పదహారు గడుల్లో పట్టని తీన్మార్

బీట్లు చేయడం నేర్చుకోవాలనుకునేవారు మొదట అడిగేది ఒకటే: ఏ సాఫ్ట్‌వేర్ మంచిది? హనుమకొండ హాస్టల్ గదిలో అడిగినా, జమ్మికుంటలో మొబైల్ దుకాణం ముందు అడిగినా జవాబు కూడా దాదాపు ఒకటే వస్తుంది: ఎఫ్ఎల్ స్టూడియో. జవాబులో తప్పు లేదు. అయితే దాన్ని తెరవగానే ఎదురయ్యే వరుసలో 16 గడులుంటాయి. అడిగినవారి చెవిలో మోగుతున్నదేమో తీన్మార్, పేరులోనే మూడును పెట్టుకున్న దరువు. పదహారును మూడుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది. ఉత్సాహంగా మొదలుపెట్టినవారు రెండో రోజే ల్యాప్‌టాప్ మూసేయడానికి ఆ మిగిలిన ఒకటి చాలు.

కాబట్టి ఈ ప్రాంతంలో కొత్తగా మొదలుపెట్టేవారు ఏ సాఫ్ట్‌వేర్‌కైనా పెట్టాల్సిన మొదటి పరీక్ష వేరు. కూర్చున్న గంటలోపు అందులో తీన్మార్ మోగించగలమా లేదా? ధర, పేరు, ఏ స్టూడియోలో ఏది వాడుతున్నారన్న సంగతులన్నీ ఆ తర్వాతే.

దానికంటే ముందు ఒక మాట దగ్గర గందరగోళం ఉంది. మన దగ్గర డీజే అంటే మనిషి, బండి, పాట మూడూ. వినాయక నిమజ్జనానికి బాక్సులు కట్టుకుని వచ్చే వాహనం డీజే, దాని మీద నిలబడి పాటలు మార్చేవాడూ డీజే, జానపదానికి కొత్త దరువు వేసి యూట్యూబ్‌లో పెట్టింది డీజే పాట. అందుకే బీట్లు చేద్దామనుకున్నవారు తెలియక వర్చువల్ డీజేలాంటిది దించుకుంటారు. అది తయారైన పాటలను ఒకదాని మీదకు మరొకటి కలపడానికి పనికొస్తుంది, దరువును మొదటి నుంచి కట్టడానికి కాదు. ఆడాసిటీ దించుకునేవారూ ఉన్నారు. ఉచితం, తేలిక, 2000 నుంచి ఉన్నది. కానీ అది గొంతు రికార్డు చేసి కత్తిరించే పనిముట్టు. వంటింట్లో కత్తిపీట లాంటిది, పొయ్యి కాదు. దరువు కట్టడానికి కావాల్సింది వాద్యాలు, గడులు, రికార్డింగ్ అన్నీ ఒకే చోట ఉండే సాఫ్ట్‌వేర్. ఇంగ్లిష్ అక్షరాల్లో కుదించి దాన్ని డీఏడబ్ల్యూ అంటారు.

ఇక గడుల లెక్క. నాలుగు దెబ్బల ఆవర్తం, అంటే మళ్లీ మళ్లీ తిరిగే ఒక చుట్టు, ఒక్కో దెబ్బలో నాలుగు భాగాలు, మొత్తం 16. మన భాషలో చెప్పాలంటే నాలుగు తకధిమిలు. 1980లో జపాన్ కంపెనీ రోలాండ్ తెచ్చిన టీఆర్-808 డ్రమ్ యంత్రం ముందు భాగాన 16 మీటలు వరుసగా ఉండేవి. హిప్‌హాప్, హౌస్, టెక్నో సంగీతాలు ఇలాంటి యంత్రాల మీదే పెరిగాయి. 1997లో బెల్జియం నుంచి ఫ్రూటీలూప్స్ అనే పేరుతో వచ్చిన చిన్న ప్రోగ్రాము ఆ వరుసనే కంప్యూటర్ తెర మీదికి ఎక్కించింది. తర్వాత అదే ఎఫ్ఎల్ స్టూడియో అయింది. అంటే ఆ 16 గడులు అందరి దరువుకూ కొలతలు తీసి కుట్టినవి కావు. చతురస్ర గతికి, అంటే నాలుగేసిగా నడిచే నడకకు కుట్టినవి.

ఇప్పుడు కొత్తవారు చేసే పని చూద్దాం. డప్పులాంటి ఒక శబ్దాన్ని తీసుకుని మూడేసి గడులకు ఒక దెబ్బ పెడతారు: 1, 4, 7, 10, 13, 16. మీట నొక్కగానే మొదటి ఐదు దెబ్బలు చక్కగా నడుస్తాయి. 16వ గడి దెబ్బ పడీ పడకముందే ఆవర్తం తిరిగొచ్చి 1వ గడి మోగుతుంది. రెండు దెబ్బలు ఒకదానికొకటి అతుక్కుపోయి, అడుగులో అడుగు తగిలినట్టు తూలుతుంది. ఇదేదో బాగాలేదని 16వ దెబ్బ తీసేస్తే ఆఖర్న మూడుకు బదులు నాలుగు గడుల ఎడం వస్తుంది. అప్పుడు వినడానికి ఇంపుగానే ఉంటుంది, బ్రెజిల్ బోసా నోవాకు దగ్గరి చుట్టంలా. కానీ బతుకమ్మ ఆటలో చప్పట్లు కొట్టడం తెలిసిన ఏ చిన్నపిల్లను అడిగినా ఇది మనది కాదని చెప్పేస్తుంది.

ఆవర్తాన్ని 12 గడులు చేసుకోవడమే పరిష్కారం. టైమ్ సిగ్నేచర్‌ను, అంటే ఆవర్తం కొలత చెప్పే అంకెలను, 4/4 నుంచి 6/8కో 3/4కో మార్చితే ఆవర్తానికి 12 గడులు వస్తాయి. అప్పుడు 1, 7 గడుల్లో లోతైన దెబ్బ, 5, 11 గడుల్లో పుల్ల దెబ్బ పెట్టి వింటే తకిట నడక వచ్చేస్తుంది. ఇది మోటు నమూనా మాత్రమే. అసలు తీన్మార్‌లో డప్పు కళాకారుడు వేసే మెలికలు దీనికి వంద రెట్లు. అయినా కాలు కదలడానికి ఈ నాలుగు దెబ్బలు సరిపోతాయి.

ఇక్కడే రెండో ఉచ్చు. వేగం అంకె. చప్పట్లు నిమిషానికి 100 పడుతున్నాయని లెక్కపెట్టి సాఫ్ట్‌వేర్‌లో 100 అని కొడితే దరువు ఈడ్చుకుంటూ నడుస్తుంది. చాలా సాఫ్ట్‌వేర్లు ఆ అంకెను నాలుగు గడుల దెబ్బతో కొలుస్తాయి. మన చప్పట్టు ఆరు గడులకు ఒకసారి పడుతుంది. కాబట్టి 100 చప్పట్ల వేగం కావాలంటే అక్కడ 150 పెట్టాలి. చెవిలో ఉన్న వేగాన్ని ఒకటిన్నరతో గుణించడమే. చిన్న లెక్కే, కానీ దీన్ని ఎవరూ చెప్పకపోవడం వల్ల సాఫ్ట్‌వేరే పాడైందనుకున్నవారు ఉంటారు.

ఈ కొలతతో చూస్తే ఒక్కో సాఫ్ట్‌వేర్ గుణం తెలుస్తుంది.

ఎఫ్ఎల్ స్టూడియోలో టైమ్ సిగ్నేచర్ మార్చే చోటు ప్రాజెక్టు సెట్టింగుల్లో లోపల ఉంటుంది. వెతికితే దొరుకుతుంది, వెతకాలని తెలియాలి. దొరికాక మాత్రం దరువు పనికి దీనంత హాయి మరొకదానిలో లేదు. గడుల వరుస పైనే స్వింగ్ మీట ఉంటుంది. సరిగడుల దెబ్బలను అది కాస్త వెనక్కి లాగుతుంది. ఒక్కో దెబ్బ బలాన్ని వరుస కిందే గీతల్లా పైకీ కిందికీ లాగవచ్చు. ట్రయల్ వెర్షన్‌లో అన్నీ పనిచేస్తాయి, పాటను ఆడియో ఫైలుగా బయటికి తీసుకోవచ్చు, ప్రాజెక్టును సేవ్ కూడా చేయవచ్చు. కానీ సేవ్ చేసిన ప్రాజెక్టును కొనేదాకా మళ్లీ తెరవలేం. ఇది పిసినారితనంలా అనిపిస్తుంది గానీ నేర్చుకునేవారికి మేలే చేస్తుంది. కూర్చున్న పూటలోనే ఒక దరువు పూర్తి చేసి బయటికి తీసే అలవాటు పడుతుంది. కొనేటప్పుడు చూసుకోవాల్సిందీ ఒకటుంది. అన్నిటికంటే చవకైన ఫ్రూటీ ఎడిషన్‌లో గొంతు రికార్డు చేసి పాటలో పరచుకునే వీలు ఉందో లేదో. దరువులే చేసేవారికి ఆ ఎడిషన్ చాలు. జానపదం పాడించి రికార్డు చేయాలనుకునేవారు ఆ వీలున్న ఎడిషన్‌కు వెళ్లాల్సిందే. ఒకసారి కొంటే తర్వాత వచ్చే కొత్త వెర్షన్లన్నీ జీవితాంతం ఉచితం.

ఆ మాట తెలిసీ క్రాక్ వెర్షన్ వెతికేవారే ఎక్కువ. నీతి సంగతి పక్కన పెట్టినా లెక్కలో అది నష్టమే. ఆ ఫైలు నడవాలంటే యాంటీవైరస్ ఆపేయమంటారు. ఏడాది కాలేజీ ప్రాజెక్టులు, ఇంట్లోవాళ్ల బ్యాంకు పాస్‌వర్డులు ఉన్న ల్యాప్‌టాప్‌కు ముఖం తెలియనివారి కోసం తలుపు తీసి పెట్టడమది. డబ్బు లేనప్పుడు వెళ్లాల్సింది క్రాక్ దగ్గరికి కాదు, నిజంగానే ఉచితమైన వాటి దగ్గరికి.

అలాంటివాటిలో ఎల్ఎంఎంఎస్ ఒకటి. 2004లో లైనక్స్ కోసం పుట్టింది, విండోస్‌లోనూ నడుస్తుంది. చూపులకు పాత ఫ్రూటీలూప్స్‌కు తమ్ముడిలా ఉంటుంది. టైమ్ సిగ్నేచర్ పైవరుసలో కళ్లెదుటే ఉంటుంది కాబట్టి తీన్మార్ పరీక్షలో ఎఫ్ఎల్ కంటే ఇదే ముందు నెగ్గుతుంది. ముందు సిగ్నేచర్ మార్చుకుని తర్వాత దరువు మొదలుపెట్టాలి, అంతే. అన్నయ్య ఇంజినీరింగ్ అయిపోయాక ఇంట్లో మిగిలిన పాత ల్యాప్‌టాప్‌కు ఇది సరైన జోడీ. లోటల్లా గొంతు రికార్డింగ్‌లో ఉంది. ఆ పని వేరే చోట చేసి ఫైలు తెచ్చి పెట్టుకోవాలి. పాటను మొత్తంగా పరచడంలోనూ కొంత మొరటుతనం కనిపిస్తుంది.

రీపర్ దీనికి సరిగ్గా ఎదురు. కంప్యూటర్‌లో పాటలు వినే విన్‌యాంప్ ప్రోగ్రామును తయారుచేసిన జస్టిన్ ఫ్రాంకెల్ చేతి పని. ఇన్‌స్టాల్ ఫైలు చాలా చిన్నది, 60 రోజులు అన్ని సదుపాయాలతో వాడి చూడవచ్చు, వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లు. రికార్డింగ్‌లో దీనికి సాటి తక్కువ. ఒగ్గు కళాకారుల బృందాన్ని కూర్చోబెట్టి రికార్డు చేయాలంటే కళ్లు మూసుకుని దీన్ని ఎంచుకోవచ్చు. కానీ తెరిస్తే ఖాళీ హాలు. గడుల వరుస ఉండదు, చెప్పుకోదగ్గ వాద్యాలుండవు, అన్నీ బయటి నుంచి తెచ్చుకోవాలి. బీట్లతో మొదలుపెట్టేవారికి తొలి వారమే విసుగు పుట్టిస్తుంది.

బెర్లిన్ నుంచి 2001లో వచ్చిన ఏబుల్టన్ లైవ్ వేదిక మీద వాయించేవారి కోసం పుట్టినది. చిన్న చిన్న దరువు ముక్కలను గడుల్లో పెట్టుకుని, ఆట నడుస్తుండగానే ఏది కావాలంటే అది మోగించవచ్చు. గడులను మూడేసిగా మార్చడానికి కంట్రోల్ మీటతో 3 నొక్కితే చాలు. ధర ఎక్కువ. కానీ కంప్యూటర్‌కు తగిలించి వాయించే చాలా మిడీ కీబోర్డులతో పాటు దీని లైట్ వెర్షన్ ఉచితంగా వస్తుంది. చిన్న కీబోర్డు కొనే ఆలోచన ఉన్నవారు పెట్టె మీద ఆ మాట ఉందేమో చూసుకోవడం మంచిది. ఇక ఐఫోనో మ్యాకో ఉన్నవారికి చర్చే అక్కర్లేదు. యాపిల్ 2004లో తెచ్చిన గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం, ఐఫోన్‌లో కూడా 6/8 ఎంచుకోవచ్చు. సినిమా స్టూడియోల్లో వినిపించే క్యూబేస్, నుయెండో, ప్రో టూల్స్ పేర్లు ఈ దశలో మరిచిపోవచ్చు.

అయితే ఉత్తర తెలంగాణలో ఎక్కువమంది చేతిలో ఉన్నది వీటిలో ఏదీ కాదు, ఆండ్రాయిడ్ ఫోను. ఇక్కడ ఎఫ్ఎల్ స్టూడియో మొబైల్‌దే రాజ్యం. ఎఫ్ఎల్ఎం ప్రాజెక్టు అన్న మాట డీజే కుర్రాళ్ల మధ్య నాణెంలా చెలామణీ అవుతుంది. ఒకరు కట్టిన దరువును విడి విడి ట్రాకులతో సహా ఫైలుగా ఇంకొకరికి ఇవ్వడం, కొందరు అమ్మడం, కొన్నవారు అందులో పాట మార్చి తమ పేరు అరిచే గొంతు ముక్క చేర్చి వదలడం. దీన్ని చిన్నచూపు చూసేవారు ఉన్నారు. నిజానికి తయారైన ప్రాజెక్టును విప్పి చూడటం కంటే మంచి పాఠం లేదు. గడియారం విప్పి చూసినవాడికే అందులో ఏ పళ్లచక్రం దేన్ని తిప్పుతుందో తెలుస్తుంది. ఇబ్బందల్లా విప్పకుండానే పైపేరు మార్చేయడంలో ఉంది. పది ఊళ్లలో ఒకే బేస్ దెబ్బ, ఒకే సైరను మోగుతున్నాయంటే కారణం అదే. ఫోనులో కట్టిన ప్రాజెక్టును తర్వాత కంప్యూటర్‌లోని ఎఫ్ఎల్‌లో తెరవవచ్చు కాబట్టి ఈ దారిలో పడిన శ్రమ వృథా పోదు.

ఫోనులోనే ఉచితంగా కావాలంటే బ్యాండ్‌ల్యాబ్. కంప్యూటర్ బ్రౌజర్‌లో కూడా అదే ఖాతాతో పని కొనసాగించవచ్చు, పని ఆన్‌లైన్‌లో భద్రంగా ఉంటుంది. సిగ్నల్ సరిగా లేని ఊళ్లో అదే గుణం దోషమవుతుంది. కోలా శాంప్లర్ అని ఇంకొకటుంది. ఫోను మైకుతో ఏ శబ్దాన్నైనా పట్టి వెంటనే ప్యాడ్ల మీద వాయించుకోవచ్చు. ఇత్తడి బిందె, రోకలి, ఆర్టీసీ బస్సు హారను, ఏదైనా సరే. పాట మొత్తం కట్టడానికి కాకపోయినా, శబ్దం పట్ల చెవి తెరవడానికి దీనికి మించినది తక్కువ.

ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఒక బాధ అందరికీ ఉమ్మడి. మీట నొక్కిన కాసేపటికి గానీ శబ్దం రాదు. కంప్యూటర్ శబ్దాన్ని సెకనుకు 44,100 ముక్కలుగా చూస్తుంది. వాటిని గుప్పెళ్లుగా పంపుతుంది. గుప్పెడులో 512 ముక్కలుంటే ఆ ఒక్క అంచెలోనే దాదాపు 12 మిల్లీసెకన్ల ఆలస్యం. అది డప్పుకు నాలుగు మీటర్ల దూరంలో నిలబడి విన్నట్టు, చెవికి పెద్దగా తెలియదు. 1024 అయితే 23 మిల్లీసెకన్లు, వేళ్లకు తెలుస్తుంది. విండోస్‌లో శబ్దాన్ని త్వరగా పంపే ఏఎస్ఐఓ డ్రైవర్ ఎంచుకుంటే ఇది తగ్గుతుంది. ఎఫ్ఎల్‌తో పాటు ఒకటి వస్తుంది, ఏఎస్ఐఓ4ఆల్ ఉచితంగా దొరుకుతుంది. ఇంత చేసి చెవిలో బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకుంటే చేసిందంతా నీళ్లపాలే. వాటి ఆలస్యం తరచూ 100 మిల్లీసెకన్లు దాటుతుంది. ఒక చప్పట్టుకూ దాని ప్రతిధ్వనికీ మధ్య దూరమంత. వంద, నూటయాభై రూపాయల తీగ ఇయర్‌ఫోన్ ఈ పనికి ఖరీదైన బడ్స్ కంటే మేలు.

ఇక శబ్దాలు. అన్ని సాఫ్ట్‌వేర్లతోనూ 808 యంత్రపు కిక్కు డ్రమ్ము వస్తుంది, 909 యంత్రపు స్నేరు డ్రమ్ము వస్తుంది, ఇండియా పేరుతో తబలా ముక్కలు వస్తాయి. డప్పు దొరకడం కష్టం. కొమురవెల్లి మల్లన్న పట్నాల దగ్గర మోగే ఒగ్గు డోలు ఇంకా కష్టం. ఆన్‌లైన్‌లో తీన్మార్ ప్యాక్ పేరుతో దొరికేవి చాలావరకు ఎవరి పాటలోంచో కోసినవే. వాటితో చేసిన పాట యూట్యూబ్‌లో ఎక్కించగానే హక్కుదారుల అభ్యంతరం రావచ్చు. జానపదం అందరిదే కావచ్చు, దాని రికార్డింగ్ మాత్రం చేసినవారిదే.

అందుకే సొంతంగా రికార్డు చేసుకోవడం ఇక్కడివారికి ఉన్న పెద్ద వీలు. హైదరాబాద్‌లో ఎయిర్ కండిషనర్ గదిలో కూర్చున్నవారికి లేనిది. ఊళ్లో డప్పు కళాకారులను అడిగి, ఎందుకోసమో చెప్పి, వారి పూట కూలికి తగ్గకుండా ఇచ్చి ఒక ఉదయం కూర్చోబెట్టుకోవచ్చు. టైల్స్ వేసిన గది వద్దు, గోడలన్నీ తిరిగి మోగుతాయి. బయట చెట్టు కింద గాలి లేనప్పుడు మంచిది. డప్పును మంట దగ్గర కాచాక చర్మం బిగుసుకుని గొంతు పైకి లేస్తుంది, చల్లారుతున్నకొద్దీ దిగుతుంది. కాబట్టి కావాల్సినవన్నీ ఒకే కాపులో పట్టేయాలి, లేకపోతే ముక్కలు ఒకదానితో ఒకటి కలవవు. ఫోను రెండు మూడు మీటర్ల దూరంలో ఉండాలి. దగ్గర పెడితే మైకు తట్టుకోలేక శబ్దం చిరుగుతుంది. ముందు దరువులు కాకుండా విడి దెబ్బలు వాయించమనాలి: చిర్ర (లావు పుల్ల) దెబ్బ పది సార్లు మెల్లగా నుంచి గట్టిగా, చిటికెన పుల్ల దెబ్బ పది సార్లు, అంచు మీద పది. వాయించేవారికి ఇది వింతగా, కాస్త విసుగ్గా ఉంటుంది. ఆఖర్న మనసారా ఒక దరువు వాయించమని దాన్నీ పట్టుకోవాలి. కంప్యూటర్ దగ్గర కూర్చున్నాక అసలు నడక ఎలా ఉందో గుర్తుచేసేది అదే.

ఆడాసిటీ ఇక్కడ పనికొస్తుంది. ఒక్కో దెబ్బను మొదట్లో ఖాళీ లేకుండా కోసి, పేరు పెట్టి దాచుకోవాలి. ఎఫ్ఎల్‌లో ఆ ఫైలును లాగి వరుసలో వదిలితే వాద్యమైపోతుంది. ఎల్ఎంఎంఎస్‌లోనూ దాదాపు అంతే. ఒకే దెబ్బను 12 గడుల్లోనూ తిప్పితే కుట్టుమిషన్ నడిచినట్టు ఉంటుంది. పదింటిలోంచి నాలుగైదు మార్చి మార్చి పెట్టి, బలాలను తేడాగా ఇవ్వాలి. మిడీలో దెబ్బ బలానికి 127 దాకా మెట్లున్నాయి. అన్నిటికీ 100 పెట్టి వదిలేయడం వంటలో అన్నిటికీ ఒకే చెంచా ఉప్పు వేయడమే. తర్వాత పట్టుకొచ్చిన అసలు దరువును పక్క ట్రాకులో పెట్టి చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. చెయ్యి తిరిగిన కళాకారుడి దెబ్బలు గడి గీత మీద పడవు. కొన్ని ఒక వెంట్రుక ముందు, కొన్ని వెనుక. ఊపంతా అక్కడే ఉంది. గడికి అతికించే క్వాంటైజ్ మీట నొక్కగానే అది పోతుంది. కాబట్టి నొక్కే ముందు ఒక నకలు దాచుకోవాలి.

దరువు తయారయ్యాక ఫోను స్పీకరులో వింటే అడుగున పెట్టిన 808 బేస్ అసలు వినపడదు. ఆ శబ్దంలో ముఖ్యభాగం 50 హెర్ట్జ్ చుట్టూ ఉంటుంది, ఫోను స్పీకరు అంత కిందికి దిగలేదు. వినపడటం లేదని బేస్ పెంచుకుంటూ పోయి, అదే ఫైలును టెంట్ హౌస్ బాక్సుల్లో పెడితే డప్పు గొంతు మొత్తం మునిగిపోతుంది. తీగ ఇయర్‌ఫోన్లలో ఒకసారి, ఫోనులో ఒకసారి, వీలైతే పెళ్లి బాక్సులు కట్టేటప్పుడు సౌండ్ పరీక్షిస్తున్న అన్నను బతిమాలి రెండు నిమిషాలు అందులో ఒకసారి విని, చిటికెన పుల్ల దెబ్బ మూడు చోట్లా తెలిసేదాకా బేస్‌ను తగ్గించుకుంటూ రావాలి.